నాయన దాచిన యాభై అట్టలు

ధర్మవరంలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత పాడుపనో, అది అప్పుడు నాకు ఎందుకంత ఘనకార్యంగా కనపడిందో అర్థం కాదు.

పట్టుచీర అంచులో నెమలి దిగాలంటే నేసేవాడు నెమలిని చూసి ఉండక్కర్లేదు. మగ్గం నెత్తిన జాకార్డు అనే యంత్రం ఉంటుంది. దానికి రంధ్రాలు కొట్టిన అట్టలు వేస్తారు. ఏ రంధ్రం ఎక్కడ ఉందో దాన్నిబట్టి ఏ పోగు పైకి లేవాలో తేలుతుంది. ఒక్క డిజైనుకే వందల అట్టలు పడతాయి. వాటిని వరసగా పేర్చి, అంచుల్లో దారంతో కుట్టి, పొడుగాటి దండ చేస్తారు. ఒక్క అట్ట వరస తప్పిందంటే నెమలి మెడ మీద తోక మొలుస్తుంది. అందుకే మా ఇంట్లో అక్షరాలకంటే ముందు అంకెలు నేర్పినారు. విడి అట్ట అంటే పోయిన అట్ట కింద లెక్క. ఏడేళ్ళ పిల్లనప్పటి నుంచి అట్టలు కుట్టడం నా పని. ముడి వేస్తే విప్పడానికి పెద్దవాళ్ళు కూడా తంటాలు పడాల్సిందే. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

మా నాయన అట్టలు కొట్టేవాడు, అంటే వాటికి రంధ్రాలు పొడిచేవాడు. మిషను మాత్రం ఆయనది కాదు. షావుకారు ఇంటి వెనక గదిలో, షావుకారు మిషను మీద, షావుకారు చెప్పిన డిజైన్లకు కొట్టేవాడు. చిరిగిన అట్టలకు బదులు కొత్తవి కొట్టే చిల్లర పని ఇంట్లో జరిగేది. దానికి మా వసారాలో ఒక పీట, ఒక ఇనుప పలక, చిన్న పంచు, సుత్తి ఉండేవి. ఆయన కొట్టిన రంధ్రం చుట్టూ నూగు కూడా లేచేది కాదు. ‘సొంత మిషను ఒకటుంటే ఈయప్ప ఊరికంతా కొట్టిపెట్టును’ అనేవాళ్ళు వీధిలో. ఆ మాట విన్నప్పుడల్లా నాయన ముఖం అటు తిప్పుకునేవాడు.

ఆయనకు ఆస్తి అంటూ ఒక రేకు పెట్టె ఉండేది. అందులో మెత్తటి గుడ్డలో యాభై చిన్న అట్టలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. ఒక్కోదాని మీద ఒక్కో క్రికెట్ ఆటగాడు, రంగుల్లో. వెనకవైపు ఇంగ్లీషులో రాత, ఒకటి నుంచి యాభై దాకా అంకెలు. తెల్లదొరల కాలంలో సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చేవాళ్ళట. నాయన చిన్నప్పుడు బెంగళూరులో దొరలు ఆడుకునే మైదానంలో బంతులు ఏరిచ్చే పని చేసినాడు. వాళ్ళు సిగరెట్టు కాల్చి పారేసిన పెట్టెలన్నీ వెతికి, గడ్డిలోంచీ చెత్తలోంచీ ఒక్కొక్కటే ఏరి, రెండేళ్ళలో యాభై పూర్తి చేసినాడు. జన్మలో సిగరెట్టు ముట్టలేదు గానీ సిగరెట్టు ఆటగాళ్ళందరూ ఆయన చుట్టాలే. ఇంగ్లీషు రాదు కాబట్టి వాళ్ళకు తనే పేర్లు పెట్టుకున్నాడు. మీసాలాయన, పుర్రచేతోడు, టోపీ వంకరోడు, కడుపునొప్పోడు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి పెట్టె తీసి, అంచులు పట్టుకుని చూపించి, మళ్ళీ గుడ్డలో పెట్టేవాడు. చెయ్యి పెట్టబోతే, “వేళ్ళు కడుక్కోని రా పాపా” అనేవాడు. కడుక్కొని వచ్చేసరికి పెట్టె మూసేసి ఉండేది.

నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు వానలు ఎగ్గొట్టినాయి. డెబ్బైల మొదట్లో సంగతి. పల్లెల్లో శెనక్కాయ పోయింది. శెనక్కాయ పోతే పెళ్ళిళ్ళు ఆగుతాయి, పెళ్ళిళ్ళు ఆగితే మా మగ్గాలు ఆగుతాయి. షావుకారు మిషను మీద గుడ్డ కప్పినాడు. ఇంట్లో అందరం మాట్లాడటం తగ్గించినాము. ఒక తెల్లారి నాయన ఉతికిన చొక్కా వేసుకుని, “మడకశిరకు పోయొస్తా. ఆడ ఎవురో మగ్గం అమ్ముతాండారంట, అట్టలు చూడల్ల” అన్నాడు అమ్మతో. రెండ్రోజులు పడుతుందన్నాడు.

ఆ రెండ్రోజుల్లో నేను ఆ పెట్టె తెరిచినాను. దొంగతనంగా కాదు. వేళ్ళు కడుక్కునే తెరిచినాను. తీరా చూస్తే యాభై అట్టలూ విడివిడిగా ఉన్నాయి. ఊరందరి అట్టలూ కుట్టించే మనిషి తన అట్టలు మాత్రం గుడ్డలో మూట కట్టుకున్నాడని నాకు జాలేసింది. పాపం, తీరిక లేక ఉంటుంది అనుకున్నాను. వెనక అంకెలున్నాయి. ఎవరో దొర కూడా మావాళ్ళలాగే వరస వేసినాడు. అంకెలున్న అట్టలు కుట్టకుండా ఉంటే మా ఇంటి పిల్లకు చేతులు ఊరుకుంటాయా?

పీట మీద కూర్చుని నాయన పంచు తీసుకున్నాను. ఒక్కో అట్టకు నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు పొడిచినాను. ముఖాల మీద పడకుండా చూసుకున్నాను, ఆమాత్రం తెలివి ఉండేది. ఒకాయనకు బ్యాటు కొన తెగింది, ఇంకొకాయనకు బూటు పోయింది. నా చేయి ఇంకా కుదురుగా లేదు కాబట్టి రంధ్రాలు కొన్ని వంకరపోయినాయి, కొన్నిచోట్ల అంచు చిరిగింది. ఎర్ర పట్టు పోగులు మూడు పేటలు వేసి కుట్టినాను. తీరా వరసలో మూడు తక్కువ. ఏడు లేదు, పందొమ్మిది లేదు, ముప్పైమూడు లేదు. మా పద్ధతి ప్రకారం వాటి స్థానాల్లో ఖాళీ అట్టముక్కలు కత్తిరించి పెట్టి దండ పూర్తి చేసినాను. అమ్మకు చూపిస్తే, “మీ నాయన వచ్చినాక చూపీ” అని రాట్నం మీద పట్టు కండెలు చుట్టుకోవడంలో పడింది. ఆమెకూ అందులో తప్పేమీ కనపడలేదు.

మర్నాడు పొద్దు వాలకముందే నాయన వచ్చినాడు. నడక చూస్తేనే హుషారు తెలుస్తోంది. చేతిలో కాగితం సంచీ, అందులో బేకరీ రస్కులు. “మడకశిరలో ఇట్లాంటివి యాడ దొరికినాయి?” అంది అమ్మ. నాయన నవ్వి ఏదో చెప్పబోయినాడు. నేను ఆగలేదు. దండ తెచ్చి ఆయన ముందు పరిచినాను.

ఆయన సంచీ కింద పెట్టినాడు. కూర్చున్నాడు. దండను మోకాళ్ళ మీదికి లాక్కుని, మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చినాడు, తప్పు పట్టే మేస్త్రీలు చూసినట్టు. నాకు భయమేసింది, వరస తప్పిందేమోనని.

“కుట్టు బాగుండాది పాపా. ముడి ఎవురు నేర్పినారు?” అన్నాడు చివరికి.

“నువ్వే గదా నాయనా.”

“అవు గదా” అన్నాడు.

అంతటితో ఊరుకున్నానా? ఊరుకుంటే నేనెందుకవుతాను. “మూడు తక్కువ ఉండాయి. యాడ పారేసుకున్న్యావు? విడిగా పెట్టుకుంటే పోవా మరి?” అని గద్దించినాను. నాయన నా ముఖం చూసినాడు. చొక్కా జేబులోంచి ఒక కవరు తీసినాడు. మధ్యమధ్యలో పల్చటి కాగితం పెట్టి, అందులో ఏడు, పందొమ్మిది, ముప్పైమూడు. వాటితో ఆయన మడకశిరలో ఏం చేసినాడని నేను అడగలేదు. రస్కుల సంచీ మీదే ఉంది నా చూపు. ఆయన పీట దగ్గరికి పోయి, అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మూడింటికీ తనే రంధ్రాలు కొట్టినాడు. తెచ్చి నా చేతికిచ్చినాడు. ఖాళీ ముక్కలు తీసేసి వాటిని కుట్టినాను. యాభై పూర్తయినాయి. ఆ దండ మా ఇంట్లో గోడకు మేకు మీద పదిహేనేళ్ళు వేలాడింది.

తర్వాత నేను చదువుకుని టీచరు అయినాను. విడపనకల్లులో పోస్టింగు. మొదటి జీతం తీసుకునే ఆడపిల్లకు నోరు ఎంత లేస్తుందో అనుభవించినవాళ్ళకు తెలుసు. ఒక సెలవులో ఇంటికొస్తే నాయన ఇంకా షావుకారు వెనక గదికే పోతున్నాడు. కళ్ళు మసకేసినాయి, వీపు వంగింది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద ప్రేమతోనే వచ్చిన కోపం, కానీ నోట్లోంచి వచ్చేటప్పుడు ఆ ప్రేమ కనపడలేదు. “ఊరోళ్ళ మగ్గాలకు కొట్టి కొట్టి ముసలోనివైనావు. నీకంటే వెనకొచ్చినోళ్ళు మిషన్లు కొనుక్కున్న్యారు. నీకు తెలివి ల్యాకపాయ నాయనా” అన్నాను. పక్కింటివాళ్ళు వింటూ ఉన్నారు. ఆయన గోడ మీది దండ వైపు చూసినాడో, నాకలా ఇప్పుడు అనిపిస్తోందో చెప్పలేను. “యోగం ల్యాకపాయ లే పాపా” అన్నాడు.

ఎనభైల మధ్యలో నాయన పోయినాడు. పోయేముందు, “ఆ అట్టలు నీకే. నువ్వు కుట్టినవి గదా” అన్నాడు. దాన్ని నేను ముసలాయన చాదస్తం కింద తీసుకున్నాను.

అప్పటికి ఇంగ్లండులో మనవాళ్ళు కప్పు గెలిచి రెండేళ్ళో మూడేళ్ళో అయింది. విడపనకల్లులో కూడా పిల్లలు తాటిమట్టలు బ్యాట్లు చేసుకుని బడి గోడలు పగలగొడుతున్నారు. మా హెడ్మాస్టరు తెప్పించుకునే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పాతకాలపు సిగరెట్టు పెట్టెల ఆటగాళ్ళ బొమ్మలకు పరదేశాల్లో బాగా గిరాకీ ఉందట, పూర్తి జత దొరికితే కళ్ళకద్దుకుని కొంటారట. ఆ వ్యాసం రెండుసార్లు చదివినాను. మా ఇంట్లో పూర్తి జత మేకుకు వేలాడుతోంది.

అమ్మ ఆ వయసులోనూ కూలికి కండెలు చుడుతోంది. నా దగ్గరికి రమ్మంటే రాదు, నా జీతంలోంచి పంపితే తీసుకోదు. ‘కాళ్ళూ చేతులూ ఆడేంత వరకూ నీ సొమ్ము నాకెందుకు’ అనే మనిషి. నాయన ఆస్తి అంటే మాత్రం కాదనలేదు కదా అని నా లెక్క. ఆ అట్టలు అమ్మితే అమ్మ రాట్నం పక్కన పెట్టేస్తుంది. వెళ్ళి చెప్పినాను. ఆమె సంతోషపడుతుందనుకుంటే, “వద్దులే పాపా. అంత దూరం ఎందుకు. ఉండనీ గోడకు” అంది. చార్జీలకు వెనకాడుతోందని అనుకున్నాను.

దండ దించి రేకు పెట్టెలో సర్దుతుంటే అడుగున ఒక దుకాణం చీటీ దొరికింది. బెంగళూరు చిక్కపేట వైపు అడ్రసు, పాత నాణేలు, స్టాంపులు, బొమ్మలు కొనబడును అని. ఎవరిచ్చినారో, ఎప్పటిదో. ఎక్కడికి పోవాలో తెలియక తికమకపడుతున్నదాన్ని, కాగల కార్యం గంధర్వులే తీర్చినారనుకుని రైలెక్కినాను.

దుకాణం ఇరుకు సందులో ఉంది. యజమాని పెద్దాయన, తెలుగు బాగానే మాట్లాడినాడు. పెట్టె మూత తీసి మొదటి అట్ట చూడగానే కళ్ళద్దాలు సర్దుకున్నాడు. తర్వాత దండ మొత్తం పైకి తీసినాడు. ఆయన ముఖం పాడైపోయింది. ఎవరో పోయినారని విన్న మనిషి ముఖంలాగా ఉంది.

“ఎవురమ్మా వీటిని ఇట్ల పొడిచింది?”

నేను టీచరమ్మను. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో బ్యాగు పట్టుకుని వచ్చినాను. పిల్లలు అబద్ధం చెబితే బెంచీ ఎక్కించే మనిషిని.

“మా నాయన” అన్నాను.

అంత సులువుగా వచ్చింది ఆ మాట. ఆయన తల అడ్డంగా ఊపినాడు. “ఏ ఊరు?” అన్నాడు. ధర్మవరం అన్నాను. చేతిలో అట్టలు కింద పెట్టి నన్ను పరీక్షగా చూసినాడు.

“చానా ఏండ్ల కిందట ధర్మవరం నుంచే ఒకాయన వచ్చినాడు. ఈ జతలోవే మూడు తెచ్చినాడు, కవర్లో, మధ్యలో పల్చని కాగితం పెట్టి. అంచులు పట్టుకో సామీ అని నాకే చెప్పినాడు. మిగిలిన నలభై ఏడూ ఇట్లనే ఉండాయా అంటే, గీత గూడా ల్యా అన్న్యాడు. నేను ధర చెప్పినా. అట్టలు కొట్టే మిషను వస్తాదా ఆ దుడ్లకు అని అడిగినాడు. నాకేం తెలుసు ఆ మిషను సంగతి? ఆయనే వేళ్ళ మీద లెక్కేసుకోని, వస్తాది, వస్తాది అని నవ్వినాడు. పాపకు రస్కులు కొనల్ల, బేకరీ యాడుండాది అని గూడా అడిగినాడు. వారంలో అన్నీ తెస్తా అన్న్యాడు. ఎన్నాళ్ళో ఎదురుచూసినా. రాల్యా.”

నేను దండ కొస పట్టుకుని నా వైపు లాక్కున్నాను.

“ఆయనే మీ నాయనయితే ఆయన ఈ పని చేసినాడంటే నేను నమ్మనమ్మా” అన్నాడు పెద్దాయన.

అప్పుడన్నా నిజం చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే కదా మా నాయన అన్నాను, ఇప్పుడు కాదంటే ఈ మనిషి నన్నేమనుకుంటాడు అని ఆలోచించినాను. బజారులో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర నా పరువు చూసుకున్నాను. “చివర్లో ఆయనకు మతి సరిగా ఉండేది కాదు లెండి” అన్నాను.

“అయ్యో పాపం” అన్నాడాయన. “రంధ్రాలు పడినాక ఇవి చిత్తుకాగితాలమ్మా. ఒక్క మూడు బాగుండినా ఏదో చేసుందును.”

దండ చుట్టుకుంటున్నాను. చేతులు వాటంతటవే వరస చూసుకుంటాయి, చిన్ననాటి అలవాటు. ఆరు దాటి ఏడు వచ్చింది. రంధ్రాలు నాలుగూ గుండ్రంగా, అంచుకు సమానంగా, నూగు లేవకుండా ఉన్నాయి. ఎనిమిది మళ్ళీ వంకర. పద్దెనిమిది వంకర. పందొమ్మిది తిన్నగా ఉంది. ముప్పైమూడు ఎప్పుడొస్తుందా అని చూడలేదు, రాకుండా ఉంటే బాగుండని చూసినాను. వచ్చింది. పుర్రచేతోడు. వాడి బూటు దగ్గర, బ్యాటుకు తగలకుండా, కొలత పెట్టినట్టు కొట్టిన రంధ్రం.

ఆ కవరు జేబులో పెట్టుకునే ఆయన ఆరోజు ఇంటికొచ్చినాడు. మిషను వస్తుందని అమ్మకు చెప్పడానికి నోరు తెరిచినాడు. ఆ మూడు అట్టలూ ఇంకా బాగానే ఉన్నాయి. దాచుకోవచ్చు. నన్ను చితకబాదొచ్చు. ఏదీ చెయ్యలేదు.

రైల్లో ఏడ్చినాను. హిందూపురం దాకా ఎదురుగా కూర్చున్న ముసలామె, “ఎవురు పోయినారమ్మా?” అని అడిగింది. “మా నాయన” అన్నాను. ఆరోజు ఆ మాట రెండోసారి.

ఇంటికొచ్చేసరికి అమ్మ కండెలు చుడుతోంది. ఎంత చేస్తాయన్నారు అని అడగలేదు. నేనే కూలబడి చెప్పినాను, చిక్కపేటలో ఏం జరిగిందో, ఆ మూడు అట్టలు ఎక్కడికి పోయొచ్చినాయో.

అమ్మ రాట్నం ఆపలేదు. “నాకు తెలుసు” అంది.

“ఎప్పటి నుంచి?”

“ఆ పొద్దే. ఆ మూడూ కొట్టేటప్పుడు నన్ను పిలిచి అట్ట పట్టుకోమన్న్యాడు. పనికాడ ఎన్నడూ ఒకరి సాయం అడిగిన మనిషి కాదు. ఏమైంది అంటే, చేయి అదురుతాండాది అన్న్యాడు. అప్పుడు చెప్పినాడు బెంగుళూరు సంగతి. నువ్వు గడపలో కూచోని రస్కు తింటాండావు. ఇవి గూడా కొట్టకుంటే దానికి తెలిసిపోతాది, తెలిస్తే ఏడుస్తాది అన్న్యాడు. ఎప్పుడూ చెప్పొద్దన్న్యాడు.”

ఆయన చచ్చేదాకా కాపాడిన మాటను నేను టికెట్టు కొనుక్కుని పోయి తెచ్చుకున్నాను. తెలివి లేదన్నప్పుడు ఆయన నోట్లోనే ఉంది ఆ మాట, మింగి, యోగం లేదన్నాడు. అమ్మ ఇంకా ఆరేళ్ళు కండెలు చుట్టింది.

మరుసటి ఏడు వేసవిలో చిక్కపేటకు మళ్ళీ పోయినాను, పెద్దాయనకు నిజం చెప్పడానికి. ఆ సందులో ఆ దుకాణం లేదు. స్టీలు సామాన్లు అమ్ముతున్నారు. ఆయన ఎక్కడున్నాడో వాళ్ళకు తెలియదు. ఆయనకు తెలిసిన మా నాయన చివర్లో మతి తప్పిన మనిషిగానే మిగిలిపోయినాడు.

ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను. మా నాయనకు మతి ఎన్నడూ తప్పలేదు. నలభై ఏడు అట్టలు పొడిచి పాడుచేసింది నేను. మిగిలిన మూడూ ఆయన కొట్టినాడు, నేను ఏడవకూడదని.